అత్తయ్య పళ్ళకీ మీ పళ్ళకీ ఒకే తేదీ కుదరదు

ప్రశ్న: డాక్టరు గారికి నమస్తే. మాది మదనపల్లె. పెళ్ళయ్యాక పన్నెండేళ్ళుగా బెంగళూరులో, కె.ఆర్. పురంలో ఉంటున్నాం. నా వయసు 38. పోయిన నెల మా ఆఫీసులో పళ్ళ క్యాంపు పెట్టారు. టార్చి వేసి రెండు నిమిషాలు చూసి, "గార ఉంది, ఆరు నెలలకోసారి క్లీనింగ్ తప్పనిసరి" అని చీటీ రాసిచ్చారు. ఆ చీటీ పట్టుకుని ఇంటి దగ్గర క్లినిక్‌కి వెళ్తే, కాదు, మూడు నెలలకోసారి చేయించుకోవాలన్నారు. ఇంట్లో నలుగురికీ కలిపి ఏడాది ప్యాకేజీ తీసుకుంటే రేటు తగ్గిస్తామన్నారు. మా అక్క ఇంగ్లండ్‌లో ఉంటుంది. అక్కడ డెంటల్ హైజీనిస్ట్ అని వేరే ఉంటారట, అక్క ఏడాదికోసారి వాళ్ళ దగ్గరికే వెళ్తుందట. "క్లీనింగ్‌కి డాక్టరెందుకు, హైజీనిస్ట్‌ని వెతుక్కో" అంటుంది. ఇక్కడ నాకు అలాంటి బోర్డు ఎక్కడా కనిపించలేదు. మా అత్తయ్యకి 64 ఏళ్ళు. షుగరు, బీపీ ఉన్నాయి. పళ్ళు తోముకుంటే రక్తం వస్తుంది, కింద పన్ను ఒకటి కదులుతోంది. క్లీనింగ్ మాట ఎత్తితే చాలు, "ఆ మిషను పెడితే ఉన్న పళ్ళూ ఊడతాయి, మా చెల్లెలికి అట్లనే అయింది" అని కొట్టిపారేస్తుంది. మా వారిది కనిగిరి దగ్గర పల్లె. పళ్ళ మీద గోధుమ రంగు చారలు, ఎన్నిసార్లు క్లీనింగ్ చేయించినా పోవట్లేదని విసుగు. రోజుకి నాలుగైదు సిగరెట్లు కూడా. బాబుకి పదకొండేళ్ళు. అసలు ఎవరు ఎన్నాళ్ళకోసారి వెళ్ళాలి? తలకో మాట వింటుంటే టెన్షన్‌గా ఉంది. నా పేరు వేయొద్దు.
— ఒక పాఠకురాలు, కె.ఆర్. పురం, బెంగళూరు

జవాబు: అమ్మా, ముందు ఒక చిన్న పని చేయండి. నాలుక కొసని కింది ముందు పళ్ళ వెనక్కి పోనిచ్చి అటూ ఇటూ రుద్ది చూడండి. గాజులా నున్నగా తగిలితే సరే. సున్నం కొట్టిన గోడలా గరుకుగా తగిలితే అదే గార. అద్దంలో చూస్తే కనపడని చోటు అది. క్యాంపులో టార్చి వేసిన వాళ్ళు కూడా ముందు చూసేది అక్కడే.

పాచి, గార అని మనకి రెండు వేరే మాటలున్నాయి. ఇంత తేడా తెలిసి పెట్టారంటే మన పెద్దవాళ్ళు గట్టివాళ్ళే. పాచి అంటే పొద్దున లేచేసరికి పళ్ళ మీద జిడ్డుగా, మెత్తగా ఉండే పొర. అది బాక్టీరియా కట్టుకున్న గూడు. బ్రష్షుకి పోతుంది, వేప పుల్లకీ పోతుంది. తోమకుండా వదిలేసిన చోట ఆ పాచిలోకి ఉమ్మిలో ఉండే కాల్షియం, ఫాస్ఫేటు చేరతాయి. ఒకటి రెండు రోజుల్లోనే గట్టిపడటం మొదలై, పది పన్నెండు రోజులకి రాయిలా అవుతుంది. అదే గార. ఇక దాన్ని బ్రష్షు ఏమీ చేయలేదు, ఎంత గట్టిగా తోమినా చిగురు గీరుకుపోవడమే. నాలుక కింద ఉమ్మి ఊరే రంధ్రాలున్నాయి కాబట్టి కింది ముందు పళ్ళ వెనక, బుగ్గ లోపల పైదవడ పళ్ళ ఎదురుగా ఇంకో రంధ్రం ఉంది కాబట్టి ఆ పళ్ళ బయటివైపు, ఈ రెండు చోట్లా గార ఎక్కువ పడుతుంది. కొందరికి ఎంత బాగా తోముకున్నా త్వరగా పడుతుంది. అది ఒంటి తీరు, వాళ్ళ బద్ధకం కాదు.

మీ కె.ఆర్. పురం వైపు నుంచి వచ్చేవాళ్ళు నన్ను తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. ట్యాంకర్ నీళ్ళకి బకెట్ అంచున తెల్లగా పేరుకుంటుంది కదా, వాటర్ హీటర్ రాడ్డు మీద పెంకులా కడుతుంది కదా, పళ్ళకీ అదే పడుతోందా అని. కాదమ్మా. పళ్ళ మీద గార కట్టేది మీ ఉమ్మిలో ఉన్న కాల్షియమే. బోరు నీళ్ళు తాగే ఇంట్లోనూ, ఆర్‌ఓ పెట్టించుకున్న ఇంట్లోనూ గార పళ్ళు చూస్తూనే ఉన్నాను. నీళ్ళ మీద కోపం ట్యాంకర్ వాడి దగ్గరే చూపించండి.

ఇక మీ అక్క చెప్పిన హైజీనిస్ట్ సంగతి. అక్కడ అది నిజంగానే వేరే ఉద్యోగం. 1906లో అమెరికాలోని బ్రిడ్జ్‌పోర్ట్ ఊళ్ళో ఆల్ఫ్రెడ్ ఫోన్స్ అనే పళ్ళ డాక్టరు, తన దగ్గర అసిస్టెంటుగా పనిచేస్తున్న బంధువు ఐరీన్ న్యూమన్‌కి పళ్ళు శుభ్రం చేసే పని నేర్పించాడు. 1913లో దానికోసం బడే తెరిచాడు. ఆ తర్వాత చాలా దేశాల్లో అది పెద్ద వృత్తి అయింది. మన దేశంలోనూ 1948 డెంటిస్టుల చట్టంలోనే హైజీనిస్ట్ అనే మాట ఉంది. పళ్ళ గార తీసేవాళ్ళు, మెరుగు పెట్టేవాళ్ళు, నోటి శుభ్రత గురించి చెప్పేవాళ్ళు అని అర్థం కూడా రాశారు. కానీ ఆ చదువు చదివినవాళ్ళు మన దగ్గర చాలా తక్కువ. మీ వీధి క్లినిక్‌లో క్లీనింగ్ చేసేది బీడీఎస్ చదివిన డాక్టరే. చిగుళ్ళ జబ్బు ముదిరితే ఎండీఎస్ చేసిన చిగుళ్ళ స్పెషలిస్టు ఉంటారు, పెరియోడాంటిస్ట్ అంటారు. కాబట్టి హైజీనిస్ట్ బోర్డు కోసం వెతకొద్దు, అడగాల్సింది స్కేలింగ్, అంటే గార తీయడం.

ఒక్క విషయంలో మాత్రం మీ అక్కని చూస్తే నాకు కాస్త అసూయే. మంచి హైజీనిస్ట్ సగం సమయం మీ చేతికి అద్దమిచ్చి, ఎక్కడ తోమకుండా వదిలేస్తున్నారో చూపించడానికి ఖర్చుపెడతారు. మా దగ్గర బయట ఆరుగురు కూర్చుని ఉంటారు, మేము గార తీసి "రెండు పూటలా తోముకోండి" అని పంపించేస్తాం. ఆ తప్పు నేనూ చేస్తాను.

ఆరు నెలల సంగతికొద్దాం. "ఏడాదికి రెండుసార్లు" అన్నది ఎప్పటినుంచో వాడుకలో ఉన్న మాట, టూత్‌పేస్టు ప్రకటనలు దాన్ని ఇంటింటికీ చేర్చాయి. దీనికి సైన్సు ఆధారం ఏముందని 1977లోనే లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఆబ్రీ షైహమ్ అనే పరిశోధకుడు సూటిగా అడిగాడు. గట్టి జవాబు దొరకలేదు. 2004లో బ్రిటన్ ఆరోగ్య సలహా సంస్థ నైస్ ఏం చెప్పిందంటే, పెద్దవాళ్ళకి మనిషిని బట్టి మూడు నెలల నుంచి రెండేళ్ళ దాకా ఎంతైనా ఉండొచ్చు, పద్దెనిమిది నిండని పిల్లలకి మాత్రం ఏడాది దాటకూడదు. మూడు నెలలెక్కడ, రెండేళ్ళెక్కడ! మీకు తలకో మాట వినిపించడంలో వింతేమీ లేదు.

పరీక్షలు కూడా చేశారు. బ్రిటన్‌లోనే 63 క్లినిక్‌లలో 1,877 మందిని మూడేళ్ళు గమనించి 2018లో ఫలితాలు చెప్పారు. కొందరికి ఆరు నెలలకోసారి క్లీనింగ్, కొందరికి ఏడాదికోసారి, కొందరికి అసలు లేదు. మూడేళ్ళ తర్వాత చూస్తే చిగుళ్ళ నుంచి రక్తం రావడంలో మూడు గుంపులకీ తేడా తేలలేదు. 2020లో ఇంకోటి వచ్చింది, 2,372 మంది, నాలుగేళ్ళు. అది క్లీనింగ్ గురించి కాదు, డాక్టరుకి చూపించుకోవడం గురించి. అందులోనూ ఆరు నెలలకోసారి వెళ్ళినవాళ్ళకి ప్రత్యేకంగా ఒరిగిందేమీ కనపడలేదు.

ఇది చదివి మీ అత్తయ్య "చూశావా, నేను చెప్పలా" అనేలోపే మిగతాది చెప్పాలి. ఆ పరీక్షల్లో ఉన్నవాళ్ళంతా అప్పటికే డాక్టరు దగ్గరికి వెళ్తూ వచ్చినవాళ్ళు. క్లీనింగ్ పరీక్షలోనైతే చిగుళ్ళ జబ్బు ముదిరినవాళ్ళని చేర్చుకోలేదు. నా దగ్గరికి వచ్చే మనవాళ్ళలో ఎక్కువమంది కుర్చీ ఎక్కేది నలభై దాటాక, అదీ నొప్పికి నిద్ర పట్టక. అలాంటివాళ్ళకి ఆ లెక్క అతికించడం కుదరదు. నాకు ఆ పరీక్షల వల్ల అర్థమైంది ఇంతే: చిగుళ్ళు గట్టిగా ఉన్నవాళ్ళకి ఆరు నెలలకోసారి గార గీకించుకున్నంత మాత్రాన అదనపు లాభం పెద్దగా లేదు. చిగుళ్ళు బాగాలేనివాళ్ళకి ఆరు నెలలు చాలా ఎక్కువ గడువు.

మరి బాగున్నాయో లేదో ఎలా తెలుస్తుంది? టార్చికి తెలియదు. చిన్న కడ్డీ ఉంటుంది, దాని మీద మిల్లీమీటర్ల గీతలుంటాయి, కొస మొద్దుగా ఉంటుంది. దాన్ని పన్నుకీ చిగురుకీ మధ్య సందులో మెల్లగా దించి, ఎంత లోతు దిగిందో చూస్తారు. ఒక్కో పన్ను చుట్టూ ఆరు చోట్ల. డాక్టరు "రెండు, మూడు, రెండు... ఐదు, రక్తం" అని చదువుతుంటే పక్కనున్న అమ్మాయి రాసుకుంటుంది. మూడు మిల్లీమీటర్ల దాకా మామూలే. నాలుగు దాటితే, పైగా రక్తం కూడా వస్తే, అక్కడ గార చిగురు కిందికి దిగిందని అనుమానం. ఐదు, ఆరు దాటిన చోట పన్నుని పట్టుకున్న ఎముక కరగడం మొదలై ఉంటుంది, ఎక్స్‌రేలో చూడాలి. బ్లడ్ రిపోర్టు ఫోనులో దాచుకుంటారే, ఈ అంకెలు కూడా అలా అడిగి తీసుకోండి. కడ్డీ నోట్లో పెట్టకుండానే మూడు నెలలనీ ఆరు నెలలనీ చెప్పినవాళ్ళ మాట నేనైతే పట్టించుకోను.

మీ ప్యాకేజీ గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. వాళ్ళు మోసగాళ్ళని నేననను. కానీ నలుగురి నోళ్ళూ చూడకుండానే నలుగురికీ ఒకే గడువు పెట్టడం, ఇంటిల్లిపాదికీ ఒకే సైజు చెప్పులు కొనడం లాంటిది. ఆ డబ్బు దాచి ముందు ఒకసారి అందరికీ చిగుళ్ళ లోతు కొలిపించండి. ప్రైవేటు ఖర్చు బరువనిపిస్తే సిటీలో ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉంది, విక్టోరియా ఆసుపత్రి దగ్గర. కె.ఆర్. పురంలో పర్పుల్ లైన్ ఎక్కి మెజెస్టిక్‌లో గ్రీన్ లైన్ మారితే కె.ఆర్. మార్కెట్ స్టేషన్‌లో దిగొచ్చు. ఫీజు తక్కువ, చిగుళ్ళకి విడిగా విభాగం ఉంటుంది. పీజీ పిల్లలు చేస్తారు, మెల్లగా చేస్తారు, పక్కన పెద్ద డాక్టర్లు చూస్తుంటారు. పొద్దున్నే వెళ్ళాలి, చేతిలో తీరిక ఉండాలి. అంతే తేడా.

ఇప్పుడు మనిషి మనిషికీ. ఉత్తరం చూసి నోరు చెప్పలేను కాబట్టి ఇది అంచనా అనుకోండి.

మీకు రక్తం వస్తోందని రాయలేదు, పొగ లేదు, షుగరు లేదు. గార ఉందంటే ఇప్పుడొకసారి తీయించుకోండి. కొలతలన్నీ మూడు లోపే ఉంటే ఏడాదికోసారి చూపించుకుంటే చాలు. చూపించుకోవడం వేరు, క్లీనింగ్ వేరు. చూశాక అవసరమైతేనే క్లీనింగ్. "గార పెద్దగా లేదు, వచ్చే ఏడాది చూద్దాం" అని పంపించే డాక్టరు దొరికితే వదలకండి.

బాబుకి పదకొండేళ్ళంటే పాల పళ్ళు ఊడి కొత్తవి వచ్చే వయసు. వాడికి గార కంటే పుచ్చులే పెద్ద సమస్య. ఆరు నెలలకోసారి చూపించండి, ఏడాది మాత్రం దాటనివ్వకండి. కొత్త దవడ పళ్ళ మీద గుంటలు లోతుగా ఉంటే వాటిని పూడ్చే సీలెంటు పూస్తారు, పుచ్చు పట్టకుండా ఫ్లోరైడ్ వార్నిష్ అనే పూత వేస్తారు. ఇవి రెండూ వాడికి క్లీనింగ్ కన్నా ఎక్కువ పనికొస్తాయి.

మీ వారి విషయం కొంచెం పెద్దది. కనిగిరి అనగానే నాకు ఆ గోధుమ చారలేమిటో సగం తెలిసిపోయింది. 1937లోనే, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో, నెల్లూరు జిల్లా పల్లెల్లో నీళ్ళలోని ఫ్లోరైడ్ వల్ల వచ్చే జబ్బు గురించి డాక్టర్లు రాశారు. మన దేశంలో దాని గురించి వచ్చిన మొదటి రిపోర్టుల్లో అదొకటి. కనిగిరి, పొదిలి, దర్శి అంతా అప్పుడు ఆ జిల్లాలోనే ఉండేవి. తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకి ఒక మిల్లీగ్రాము దాకా ఉంటే పరవాలేదు, వేరే దారి లేకపోతే ఒకటిన్నర దాకా అని మన ప్రమాణాలు చెప్తాయి. దాన్ని మించిన నీళ్ళు చిన్నప్పుడు, పళ్ళు ఇంకా చిగురు లోపల తయారవుతున్నప్పుడు తాగితే, ఆ మరక పన్ను పింగాణీలోనే పడుతుంది. పైన అంటుకున్నది కాదు, లోపల కలిసిపోయింది. స్కేలింగ్ మిషను పైన అంటుకున్నదాన్నే తీస్తుంది. మూడు నెలలకోసారి చేయించినా ఆ చారలు ఇసుమంత కూడా తగ్గవు. ఆయన ఇన్నాళ్ళూ డబ్బు పోసింది తప్పు మందుకి. చారలు లేతగా ఉంటే పైపొరని కాస్త అరగదీసే పద్ధతులున్నాయి, ముదురుగా ఉంటే పన్ను రంగు పూత వేస్తారు, లేకపోతే పన్ను ముందువైపు అతికించే పలుచని రేకులు, వినీర్లు అంటారు. అది అందం కోసం, వీలున్నప్పుడు చూసుకోవచ్చు. అలాంటి పళ్ళు కనపడతాయని నవ్వేటప్పుడు ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటారేమో నాకు తెలియదు గానీ, ఆ ప్రాంతం నుంచి వచ్చినవాళ్ళలో చాలామంది అలా చేయడం చూశాను. వాళ్ళు తోముకోక కాదు ఆ మరకలు.

కానీ ఆయన సిగరెట్ల గురించి నాకు ఎక్కువ బెంగ. పొగ తాగేవాళ్ళ చిగుళ్ళు చాలాసార్లు బాగున్నట్టే కనిపిస్తాయి. రక్తం రాదు, ఎర్రబడవు. పొగ వల్ల రక్తనాళాలు ముడుచుకుని, జబ్బు గుర్తుల్ని దాచేస్తాయి. లోపల ఎముక మాత్రం మిగతావాళ్ళకంటే త్వరగా కరుగుతుంది. కాబట్టి ఆయనకి రక్తం రావట్లేదు కదా అని ఊరుకోకండి. కొలతలు తీయించి, అవి బాగుంటే ఆరు నెలలకోసారి, లేకపోతే మూడు నాలుగు నెలలకోసారి. సిగరెట్ మానేస్తే గడువు పెంచవచ్చు. మానేశాక కొన్నాళ్ళకి చిగుళ్ళ నుంచి కొత్తగా రక్తం కనిపిస్తే హడలిపోవద్దని ముందే చెప్పండి. దాగినది బయటపడటమే అది, అప్పుడే డాక్టరుకి చూపించాలి.

అత్తయ్య గారి దగ్గరికి వచ్చాం. మీ ఇంట్లో ఈ వారమే కదలాల్సిన మనిషి ఆవిడే. 64 ఏళ్ళు, షుగరు, రక్తం, కదిలే పన్ను, ఈ నాలుగూ కలిస్తే మామూలు క్లీనింగ్ సరిపోకపోవచ్చు. ఎక్స్‌రే తీసి, లోతు కొలిచి, అవసరమైన చోట మత్తు ఇచ్చి చిగురు కింద వేరు మీద పట్టిన గార కూడా తీయాలి. డీప్ క్లీనింగ్ అంటారు, రెండు మూడు సిట్టింగులు పట్టవచ్చు. ఆ తర్వాత రెండు మూడు నెలలకి మళ్ళీ కొలిచి చూస్తారు. అక్కడినుంచి ఆవిడకి మూడు నెలలకోసారే, కనీసం మొదటి ఏడాది. లోతుగా ఉన్న సందుల్లో ఎంత శుభ్రం చేసినా రెండు మూడు నెలలకి చెడ్డ బాక్టీరియా మళ్ళీ చేరుతుంది, అక్కడికి బ్రష్షు అందదు. మీ క్లినిక్ వాళ్ళు చెప్పిన మూడు నెలలు ఈ ఒక్కరి విషయంలో నిజం కావచ్చు.

షుగరుకీ చిగుళ్ళకీ రెండువైపులా లంకె. షుగరు అదుపు తప్పితే చిగుళ్ళు చెడతాయి, చిగుళ్ళలో చీము ఉంటే షుగరు దిగదు. చిగుళ్ళ వైద్యం సరిగా జరిగితే మూడు నాలుగు నెలలకి హెచ్‌బీఏ1సీ, అంటే గత రెండు మూడు నెలల సగటు షుగరు చెప్పే అంకె, సుమారు 0.4 తగ్గుతున్నట్టు పరిశోధనల్లో తేలింది. ఆవిడతో పళ్ళ మాట ఎత్తకండి, షుగరు తగ్గుతుందని చెప్పి చూడండి. నా అనుభవంలో ఆ దారే త్వరగా పనిచేస్తుంది. ఇంకొకటి, ఆవిడ వాడే బీపీ మాత్ర పేరేమిటో చూడండి. ఆమ్లోడిపిన్ అయితే కొందరికి చిగుళ్ళు ఉబ్బి పళ్ళ మీదికి పెరుగుతాయి. మాత్ర మీరు ఆపొద్దు, ఆ సంగతి డాక్టరుకి చెప్పండి.

"మిషను పెడితే పళ్ళు ఊడతాయి" అన్న మాటకి జవాబు కాస్త వివరంగా చెప్పాలి. ఆవిడ అబద్ధం చెప్పట్లేదు, చూసిందే చెప్తోంది.

కొన్నేళ్ళ కిందట నా దగ్గరికి చిత్తూరు వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చారు. కింది ముందు పళ్ళు నాలుగూ ఒకే పన్నులా అతుక్కుపోయి ఉన్నాయి. వెనకనుంచి చూస్తే పళ్ళు కనపడవు, ఒక పసుపు గోడ. మిషను కొస పెట్టగానే కందిబేడంత ముక్క టక్కున ఊడి నాలుక మీద పడింది. దూది గుడ్డలో పెట్టి చూపించాను, ఒకవైపు పళ్ళ అచ్చు దిగి ఉంది. పని అయ్యాక ఆయన నోరు పుక్కిలించి, నాలుకతో తడుముకుని, నా మొహంలోకి చూసి "పళ్ళ మధ్య కన్నాలు పెట్టారే" అన్నారు. పళ్ళు కదులుతున్నాయని కూడా అన్నారు. రెండూ నిజమే. కన్నాలు ముందునుంచీ ఉన్నాయి, గార వాటిని పూడ్చేసింది. పళ్ళు ముందునుంచీ వదులే, గార వాటిని సిమెంటులా కలిపి పట్టుకుంది. గుంజ చుట్టూ మట్టి కొట్టుకుపోయాక, పక్క గుంజకి తాడేసి కట్టి నిలబెట్టినట్టు. తాడు విప్పితే ఊగుతుంది, కానీ మట్టిని తీసుకుపోయింది తాడు విప్పినవాడు కాదు. పళ్ళ విషయంలో ఇంకా ఘోరం, ఆ తాడే మట్టిని తినేస్తూ ఉంటుంది. ఆయనకి ఇదంతా ముందే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. ఊరికెళ్ళి ఆయన ఎంతమందికి నా గురించి చెప్పుకున్నారో! మీ అత్తయ్య చెల్లెలికి జరిగింది కూడా ఇలాంటిదే అయి ఉంటుంది.

ఆ మిషను పన్నుని తొలిచేది కాదు. దాని కొస సెకనుకి ఇరవై ఐదు వేలసార్లకి పైగా అదురుతుంది, ఆ అదురుకి గార పగిలి ఊడుతుంది. నీళ్ళు చిమ్మేది కొస వేడెక్కకుండా. చేయించాక కొన్ని రోజులు చల్లనివి తాగితే పళ్ళు జివ్వుమంటాయి. గార కింద దాగిన వేరు బయటపడుతుంది, వాచిన చిగురు తగ్గి గట్టిపడుతుంది, అందుకు. వారం రెండు వారాల్లో సర్దుకుంటుంది. అంతకి మించి ఉంటే వెళ్ళి చూపించాలి.

ఇంటి దగ్గర చేసుకునేది లేకుండా పై లెక్కలేవీ పనిచేయవు. 1965లో డెన్మార్క్‌లో హెరాల్డ్ లో అనే డాక్టరు, ఆరోగ్యంగా ఉన్న పన్నెండు మంది చేత పళ్ళు తోముకోవడం మాన్పించి చూశాడు. పది నుంచి ఇరవై ఒక్క రోజుల్లోపు అందరి చిగుళ్ళూ వాచాయి. మళ్ళీ తోమడం మొదలుపెడితే సుమారు వారానికి తగ్గాయి. అంటే డాక్టరు చేసిన క్లీనింగ్‌ని మూడు వారాల బద్ధకం తుడిచేస్తుంది. మెత్తటి బ్రష్షు, చిగురు వైపు కాస్త వాల్చి, రెండు నిమిషాలు. రాత్రి పూట తోమడం పొద్దున కంటే ముఖ్యం, మనవాళ్ళు మానేసేది అదే. అత్తయ్య గారి పళ్ళ సందులకి ఇంటర్‌డెంటల్ బ్రష్షు అడగండి, సీసాలు కడిగే బ్రష్షుకి బుల్లి మనవరాలిలా ఉంటుంది, మెడికల్ షాపులో దొరుకుతుంది. సైజు డాక్టరు చెప్తారు. బొగ్గు పొడి, కచిక, ఎర్ర పళ్ళపొడి వాడుతుంటే మాన్పించండి. అవి గార తీయవు, చిగురు దగ్గర పన్నుని అరగదీసి గాడి పెడతాయి.

అత్తయ్య గారికి పొద్దున పూట అపాయింట్‌మెంట్ తీసుకోండి. టిఫిను పెట్టి, షుగరు మాత్ర వేయించే తీసుకెళ్ళండి, ఖాళీ కడుపుతో వద్దు. మందుల చీటీలన్నీ, ఈ మధ్య చేయించిన షుగరు రిపోర్టూ సంచిలో వేసుకోండి. రక్తం పలచబడే మాత్ర ఏదైనా వాడుతుంటే క్లీనింగ్ ఉందని మీ అంతట మీరు ఆపొద్దు, గుండె డాక్టరునీ పళ్ళ డాక్టరునీ అడిగాకే ఏదైనా. గుండెలో వాల్వు మార్పించుకుని ఉంటే మాత్రం ఆ మాట కుర్చీ ఎక్కకముందే చెప్పాలి, ముందుగా ఒక డోసు యాంటీబయాటిక్ ఇస్తారు. ఆ కదిలే పన్ను ఉంటుందో పీకాలో ఎక్స్‌రే చూశాకే తెలుస్తుంది. అందాకా ఆవిడని దాన్ని వేలితో ఊపి చూసుకోవద్దని చెప్పండి. అందరూ చేసే పనే అది.